గోడకు గండి ఎక్కడ పడింది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు, ఆదివారం ఉదయం కృతజ్ఞతా కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

  నాకు లెక్కలు చెప్పిన మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన ఎదుట నిలబడితే ఇప్పటికీ నాకు అరచేతులు చెమర్చుతాయి. ఈ మాటల్లో ఒకటి రెండు లెక్కలు వస్తాయి. తప్పితే అక్కడినుంచే చెప్పండి మాస్టారూ.

కమిటీవారు నాకిచ్చిన అంశం ‘లోక ప్రభావాల నుంచి ఆత్మీయ రక్షణ’. మన మిషను బళ్ళో చదివినవాళ్ళలో సగానికి పైగా క్రైస్తవేతరులు. ఇవాళ ఆదివారమైనా, ఆరాధనైనా వాళ్ళూ వచ్చి కూర్చున్నారు. వాళ్ళకు కూడా పనికొచ్చేలా చెప్పాలని ఉంది. నేను పాస్టరును కాను. ముప్ఫై మూడేళ్ళు ప్రభుత్వంలో ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది గోడలూ, గట్లూ. అందుకే బైబిల్లో గోడ కట్టిన మనిషిని పట్టుకున్నాను, నెహెమ్యాను.

అంతకంటే ముందు మన గోడ సంగతి చెప్పాలి. 1968, 69 నాటి హాస్టలు పిల్లలకు గుర్తుండే ఉంటుంది, వంటశాల వెనక ఉత్తరపు గోడకు గండి ఉండేది. మనిషి పక్కకు తిరిగితే దూరేంత. దాని అవతల చెరువు గట్టు, గట్టు దాటితే టూరింగు టాకీసు. ‘పాండవ వనవాసం’ నేను చూసింది ఆ గండి పుణ్యాన. సెకండ్ షో చూసి, చెప్పులు చేతబట్టుకుని, చెరువు గట్టు మీద నడిచొచ్చి మళ్ళీ అందులోంచే దూరేవాళ్ళం.

ఒక రాత్రి తిరిగొచ్చేసరికి గండిలో హరికేన్ లాంతరు వెలుగుతోంది. పక్కన పీట వేసుకుని మా వార్డెన్ అయ్యగారు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో బైబిలు. అయిదుగురం గట్టు మీదే శిలలమైపోయాం. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. “కాళ్ళు కడుక్కుని పడుకోండి” అన్నారు. తెల్లారాక మట్టి, ఇటుకలు, తాపీ తెచ్చి మా ముందు పెట్టి ఒకే ఒక ప్రశ్న వేశారు: “మొదటి ఇటుక ఎవరు తీశారు? ఎందుకు తీశారు?”

మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. సినిమా కోసం ఎవడూ గోడ పగలగొట్టలేదు. మొదటి ఇటుకలు తీసింది క్రికెట్టుకు, వికెట్లుగా పెట్టుకోవడానికి. ఆట అయ్యాక తిరిగి పెట్టేవాళ్ళం. తరవాత పెట్టడం మానేశాం. తరవాత వంటవాళ్ళు రెండు ఇటుకలు పొయ్యికి పట్టుకెళ్ళారు. ఆ తరవాత ఒక వాన. గండి పడి ఏడాదైన తరవాతే దానవతల టాకీసు ఉందన్న సంగతి మాకు తోచింది. అది ఆ రోజు నాకు చిన్న విషయం. ఉద్యోగంలో చేరాక అర్థమైంది ఆయన ఎంత పెద్ద ప్రశ్న వేశారో.

ఇక నెహెమ్యా. ఆయన ప్రవక్త కాడు, యాజకుడు కాడు. పారసీక రాజైన అర్తహషస్త కొలువులో, షూషను కోటలో రాజుకు గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము గోడలు పడిపోయి ఉన్నాయని, గుమ్మాలు కాలిపోయాయని విని ఏడ్చాడు, ఉపవాసమున్నాడు, సెలవడిగి బయల్దేరాడు. క్రీస్తుకు ముందు 445 నాటి మాట. అక్కడికి చేరాక ఆయన చేసిన మొదటి పని ఇంజనీరుగా నాకు చాలా ఇష్టం. ఉపన్యాసం ఇవ్వలేదు. మూడు రోజులు ఊరుకుని, ఒక రాత్రి కొద్దిమందిని వెంటబెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గోడ చుట్టూ తిరిగి చూశాడు. ఒకచోట రాళ్ళు కూలి ఆయన ఎక్కిన జంతువు నడవడానికే దారి లేకపోయింది. ఎస్టిమేటుకు ముందు సైటు చూడడమంటే అదీ. మనం పశ్చాత్తాప ప్రార్థన బల్ల దగ్గర కూర్చుని చేస్తాం. ఏ గోడ, ఎంత పొడవు, ఎక్కడ పడిందో చూడం. “ప్రభువా, మా లోపాలన్నీ క్షమించు” అని ఒకే చీపురుతో ఊడ్చేస్తాం.

మూడో అధ్యాయం చాలామంది చదవకుండా దాటేస్తారు, అన్నీ పేర్లే కదా అని. నాకు అది మస్టర్ రోల్ లాగా కనిపిస్తుంది, అందుకే ఇష్టం. ఎవరెవరు ఎంత మేర కట్టారో రాసి ఉంది. కంసాలులు కట్టారు, పరిమళ ద్రవ్యాలు చేసేవాడు కట్టాడు, షల్లూము అనే అధికారి తన కూతుళ్ళతో కలిసి కట్టాడు. తెకోవ ఊరివాళ్ళు కట్టారుగానీ వాళ్ళ పెద్దమనుషులు మెడ వంచలేదని కూడా నిర్మొహమాటంగా రాశారు. పెంట గుమ్మం, అంటే ఊరి చెత్తంతా బయటికి పోయే దారి, దాన్ని బాగుచేసింది ఒక ప్రాంతానికి అధిపతి. చాలామంది పేరు పక్కన ఒకటే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది: తన ఇంటికి ఎదురుగా ఉన్న గోడను కట్టాడు.

దీనికి నాకు మన దగ్గరి ఉదాహరణ ఒకటే తోస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, తాము చదివిన పాఠంలో తమ ఇంటి కథే కనబడి, లేచి వెళ్ళి సారా దుకాణం మూయించారు. వాళ్ళెవరూ సంఘసంస్కర్తలం అనుకోలేదు. తమ ఇంటి ఎదుట గోడ కట్టుకున్నారు. అది ఊరూరా పాకి 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. 1997కి అది సడలిపోయింది. కట్టడం ఒక పని, కట్టినదాన్ని కాయడం ఇంకో పని. నెహెమ్యా గ్రంథం చివర్లో కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. దానికి వస్తాను.

ఒకచేత పని, ఒకచేత ఆయుధం అన్న మాట మీరంతా వినే ఉంటారు. ఆదివారం బడిలో ఫ్లానెల్‌గ్రాఫ్ మీద ఆ బొమ్మ అతికించి చెప్పేవారు. సన్బల్లటు, టోబీయా గోడను ఎగతాళి చేశారు, నక్క ఎక్కినా పడిపోతుందన్నారు. తరవాత బెదిరించారు. తరవాత ఓనో మైదానానికి వచ్చి మాట్లాడుకుందామని నాలుగుసార్లు కబురు పంపారు. ఆయన వెళ్ళలేదు. గోడ 52 రోజుల్లో పూర్తయింది. ప్రసంగాలన్నీ సాధారణంగా ఇక్కడ చప్పట్లతో ముగుస్తాయి.

నేను ఆగదలచుకున్నది మాత్రం ఆరో అధ్యాయం చివరి మూడు వచనాల దగ్గర. గోడ కడుతున్న రోజుల్లోనే యూదా పెద్దలకూ టోబీయాకూ మధ్య ఉత్తరాలు నడుస్తున్నాయి. ఎందుకంటే చుట్టరికం. టోబీయా కొడుకు పెళ్ళాడింది మెషుల్లాము కూతుర్ని. ఎవరీ మెషుల్లాము? వెనక్కి తిప్పి మూడో అధ్యాయం చూడండి. గోడ కట్టినవాళ్ళ జాబితాలో ఉన్నాడు. ఒకచోట కాదు, రెండుచోట్ల. అంటే పగలు గోడ కడుతున్న మనిషి, ఆ గోడ ఎవరిని ఆపడానికో ఆ మనిషికి వియ్యంకుడు. కపటి అనలేను. ఇటుకలు నిజంగానే మోసుంటాడు. మొహమాటం, అంతే. వియ్యపువారిని కాదనడం ఎంత కష్టమో తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన సంఘాల్లో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతాం, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటాం. కట్నం అంకె మాత్రం ఒక్క ఆదివారమూ చదవం. దానికి ‘లాంఛనం’ అని పేరు మార్చి, ప్రార్థన చేసి మరీ పుచ్చుకుంటాం. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పక్కన మోకరించిన మనిషి దగ్గర శనివారం నూటికి మూడు చొప్పున వడ్డీ వసూలు చేసేవాళ్ళను నేనెరుగుదును. నెహెమ్యా కాలంలోనూ ఇదే గొడవ. గోడ పని జరుగుతుండగానే పేదవాళ్ళు వచ్చి మొరపెట్టుకున్నారు, మా పొలాలు తాకట్టులో ఉన్నాయి, మా పిల్లలు దాసులవుతున్నారు, అప్పిచ్చింది మన సహోదరులే అని. ఆయన సభ కూర్చి నిలదీశాడు. ఆ లిస్టులో తనవాళ్ళూ ఉన్నారని అక్కడే ఒప్పుకున్నాడు.

మా పెద్దలు మంచివాళ్ళు. ‘లోకం’ అంటే వాళ్ళకు సినిమా, బీడీ, పేకాట, జాతర. వాటికి అడ్డంగా గట్టి గోడ కట్టి మమ్మల్ని పెంచారు. ఆ గోడ నాకు చాలా మేలే చేసింది, కాదనను. నేను ఇవాళ్టి వరకూ సిగరెట్టు ముట్టలేదు. కానీ వాళ్ళు పర్సంటేజీకి గోడ కట్టలేదు. వాళ్ళకు ఆ సంగతి తెలిస్తే కదా! ఆఫీసులో కూర్చున్న తొలి తరం మేమే.

నా కథ చెప్పాలి. ఏ డివిజనో, ఎవరో చెప్పను. తప్పు నాది. 1987. కాలవ పక్కన ఒక రిటైనింగ్ వాల్ పని. ఎస్టిమేటు ప్రకారం పునాది 90 సెంటీమీటర్ల లోతు. పునాది పూడ్చకముందే జేఈ వెళ్ళి కొలిచి ఎం.బుక్కులో రాయాలి. పూడ్చాక ఎవడికి కనిపిస్తుంది? ఆ శని, ఆదివారాలు సువార్త సభలు. నేను వాలంటీరును, మైకుల దగ్గర, షామియానాల దగ్గర తెగ తిరుగుతున్నాను. సోమవారం సైటుకు వెళ్ళేసరికి పునాది పూడ్చేసి పైన రెండు వరసల రాయి లేచింది. కాంట్రాక్టరు చాలా వినయంగా, “మీరు దేవుడి పనిలో ఉన్నారు గదా సార్, పిలిచి ఇబ్బంది పెట్టడం ఎందుకని...” అన్నాడు. మేస్త్రీ నా మొహం చూడకుండా అటు తిరిగి నిలబడ్డాడు. అక్కడే తెలిసింది నాకు. అయినా 90 అని రాసి సంతకం చేశాను. ఆ వారం డైరీ పేరుతో ఒక కవరు ఇంటికొచ్చింది. అదే మొదటి ఇటుక. అప్పుడు నేను పెద్ద పాపం చేస్తున్నానని అనుకోలేదు. సభల కోసం తిరిగానన్న ధైర్యం కూడా లోపల ఎక్కడో ఉంది.

ఆ కవరులోంచి నేనేం చేశానో వినండి. దేవుడికి ఇవ్వాలిగా! దశమభాగం కవరులో 500 రూపాయలు పెట్టి కానుకల సంచిలో వేశాను. తరవాతి ఆదివారం నా పేరు చదివారు. అలా నాలుగు నెలలు. మందిరానికి రెండు సీలింగు ఫ్యాన్లు వచ్చాయి.

నా భార్య మండల పరిషత్ బళ్ళో టీచరు. మీకందరికీ తెలిసిన మనిషే, ఇక్కడే చదివింది, ఇదిగో ఈ మాస్టారి దగ్గరే లెక్కలు నేర్చుకుంది. ఒక రాత్రి అన్నాలు తిని కంచాలు తీస్తూ అడిగింది: “మీ జీతం పద్దెనిమిది వందలు. పదోవంతు నూట ఎనభై. అయిదొందలు పదోవంతయితే మొత్తం అయిదు వేలు. మిగతా మూడు వేల రెండొందలు ఎక్కణ్ణించి?” అంతే. ఏడవలేదు, అరవలేదు. జవాబు కోసం నిలబడింది. నా దగ్గర లేదు. ఆ లెక్క నేర్పింది మీరే మాస్టారూ. నా ప్రాణానికి వచ్చిన మొదటి కావలి మనిషి అదే.

మానేశాను. మానేయడం వరకే చేశాను, రాసిన అబద్ధం అలాగే ఉంది. 1990 మే తుపాను మీకు గుర్తే. ఆ నీటికి ఆ గోడ పదిహేను మీటర్ల మేర బోర్లా పడింది. దేవుడి దయవల్ల మనుషులెవరూ లేరు, ఒక గేదె పోయింది. తుపాను కాబట్టి ఎవరూ అడగలేదు. లెక్కలన్నీ తుపాను మీదికే పోయాయి. వెళ్ళి చూశాను. పునాది బయటపడింది. టేపు పెట్టి కొలిచాను, 60. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడోనాడు రాతపూర్వకంగా పైవాళ్ళకు ఇచ్చాను. “తుపాను మీద పోయిందిగదయ్యా, ఎందుకు తవ్వుకుంటావు?” అని ఒకాయన నిజమైన జాలితో అన్నాడు. ఒక ఇంక్రిమెంటు ఆగింది, దూరం బదిలీ అయింది. గేదె ఇంటివాళ్ళకు నా చేతిమీదుగా డబ్బు ఇచ్చాను. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి ఆ దశమభాగాల సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు తలెత్తి ఫ్యాన్ల వంక చూశారు. ఆ ఫ్యాన్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటి కింద కూర్చుంటే నాకు ఈ రోజుకీ గాలి తగలదు.

ఇప్పుడు పదమూడో అధ్యాయం. నెహెమ్యా 12 ఏళ్ళు అధిపతిగా ఉన్నాడు. ఆ 12 ఏళ్ళూ అధిపతికి రావలసిన భత్యం పుచ్చుకోలేదు. అంతకు ముందువాళ్ళు 40 తులాల వెండి కూడా వసూలు చేసేవారట. తరవాత రాజు దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే, టోబీయాకు దేవుని మందిరంలోనే ఒక పెద్ద గది ఇచ్చి ఉంది. ఇచ్చింది ఎల్యాషీబు అనే యాజకుడు, మళ్ళీ బంధుత్వమే. గోడ కట్టినవాళ్ళలో మొట్టమొదటి పేరు కూడా ఎల్యాషీబే, ప్రధాన యాజకుడు. ఇద్దరూ ఒకరేనా కాదా అని పండితులు వాదించుకుంటారు. ఒకరే అయితే నాకు ఆశ్చర్యం లేదు.

గోడ బయటి శత్రువు గోడ దూకి రాలేదు. గోడ చెక్కుచెదరలేదు. లోపల గది ఖాళీగా ఉంది కాబట్టి ఆయన సామానుతో దిగాడు. ఆ గది ఎందుకు ఖాళీ అయింది? అది నైవేద్యాలు, ధూపద్రవ్యాలు, ధాన్యపు పదోవంతులు పెట్టే గది. లేవీయులకు రావలసిన భాగాలు అందక వాళ్ళు పొలాలకు వెళ్ళిపోయారని ఆ అధ్యాయంలోనే ఉంది. ధాన్యం రాని కొట్టులో ఎవడో ఒకడు కాపురం పెడతాడు. ఊడ్చి ఖాళీగా ఉంచిన ఇంటికి వెళ్ళగొట్టిన దయ్యం మరో ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొచ్చిందని యేసుప్రభువు చెప్పిన ఉపమానం కూడా ఇదే.

మా ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నరకు కుటుంబ ప్రార్థన ఉండేది. పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక ఇద్దరమే గదా అని ఒకరోజు మానేశాం. ఆ అరగంట ఎన్నాళ్ళో ఖాళీగా లేదు. మొదట సీరియలు వచ్చి కూర్చుంది, తరవాత ఫోను. ఇందులో నేనెవరినీ తప్పుపట్టలేను. అరవై దాటాక నాకు పట్టిన వ్యసనం అది. విశ్రాంతిదినాన నెహెమ్యా గుమ్మాలు మూయిస్తే, తూరు నుంచి చేపలు తెచ్చే వర్తకులు వెళ్ళిపోకుండా ఒకటి రెండు రాత్రులు గోడ అవతలే పడుకున్నారట, తెరవకపోతారా అని. దిండు పక్కన ఫోను పెట్టుకున్న ప్రతి రాత్రీ ఆ వర్తకులే గుర్తొస్తారు. ఇప్పుడు మా ఫోన్లు వంటింటి గూట్లో పడుకుంటున్నాయి. ఎనిమిదిన్నర మళ్ళీ మొదలైంది. ఇద్దరమే, ఒక కీర్తన, ఒక అధ్యాయం. కొన్ని రాత్రులు నేను కునికిపాట్లు పడతాను, ఆవిడ మోకాలితో పొడుస్తుంది.

గోడ అనగానే లోకానికి దూరంగా ఉండమని చెబుతున్నానని కొందరు తమ్ముళ్ళు అనుకోవచ్చు. ఆ మూడో అధ్యాయంలో గోడ ఎంత ఉందో గుమ్మాలూ అన్ని ఉన్నాయి. గొర్రెలు వచ్చే గుమ్మం, చేపలు వచ్చే గుమ్మం, నీళ్ళు వచ్చే గుమ్మం. ఊరన్నాక వస్తూ పోతూ ఉండాలి. ఎండ బాగా ఎక్కేదాకా తెరవొద్దని, కావలివాళ్ళు ఎవరి ఇంటి ఎదుట వాళ్ళు ఉండాలని మాత్రమే ఆయన ఏర్పాటు. కొందరు పిల్లల్ని ఏ స్నేహమూ, ఏ పుస్తకమూ తగలకుండా పెంచుతున్నారు. గుమ్మం లేని గోడకు జైలని పేరు. మన బడే ఇందుకు సాక్ష్యం. ఈ కాంపౌండులో నా పక్క బెంచీ మీద కూర్చున్న హిందూ, ముస్లిం స్నేహితులు నన్ను చెడగొట్టలేదు. నన్ను చెడగొట్టిన రోజు నేను సువార్త సభల్లో ఉన్నాను.

సరే, మాస్టారు గడియారం చూస్తున్నారు. అసలు పని ఒకటి ఉంది.

స్వర్ణోత్సవాల కానుకగా బడికి కొత్త కాంపౌండు గోడ కట్టాలని సంఘం తీర్మానించింది. పని చూడమని నన్ను అడిగారు. ఒప్పుకున్నాను, ఒక షరతుతో. ఎం.బుక్కు నా ఇంట్లో ఉండదు, హెడ్మాస్టరుగారి గదిలో బల్ల మీద ఉంటుంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు. పునాది తవ్విన ప్రతి మేరకూ, పూడ్చకముందు, నేను కాక ఇంకో ఇద్దరు కొలిచి సంతకం పెట్టాలి. అందులో ఒకరు ఈ పని గురించి నాతో పడనివాళ్ళయితే మరీ మంచిది. కమిటీలో అలాంటివాళ్ళకు కొదవ లేదు.

రేపు ఉదయం ఆరున్నరకు, ఎండ ఎక్కకముందే, వంటశాల వెనక ఉత్తరపు వైపు నుంచి మార్కింగు మొదలుపెడతాం. ముప్ఫై మీటర్ల టేపు నేను తెస్తాను. రెండో కొస పట్టుకోవడానికి ఒకరు కావాలి.